చూలై ఇంట్లో లోస్టాఫ్ట్ పళ్ళాలు

నేను ఇల్లరికం వెళ్ళిన ఇంట్లో పన్నెండు పింగాణి పళ్ళాలు ఉండేవి. వాటిలో ఎవరూ ఎన్నడూ అన్నం తినలేదు. పింగాణి వంటింటి గడప దాటకూడదని మా అత్తగారి నియమం. అందుకని హాల్లో అద్దాల బీరువాలో తాళం వేసి ఉంచేవారు. ప్రతి శనివారం నా భార్య వాటిని పెరట్లో కడిగి, తుడిచి, తాను స్నానం చేసి గానీ వంటింట్లోకి వెళ్ళేది కాదు.

పందొమ్మిది వందల యాభైల తొలి రోజులవి. మద్రాసులో ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. మామగారికి సౌకార్‌పేటలో దారాల దుకాణం, చూలైలో సొంత ఇల్లు. వాళ్ళ పూర్వీకుడొకరు ఒక ఇంగ్లీషు వర్తకుడి దగ్గర దుబాసీగా పనిచేశారట. దొర తన దేశానికి పోతూ ఈ పళ్ళాలు ఇచ్చి వెళ్ళాడట. ఇంగ్లండులో సముద్రపు ఒడ్డున లోస్టాఫ్ట్ అని ఒక ఊరుందనీ, ఇవి అక్కడ చేసినవనీ ఆ ఇంట్లో చెప్పుకునేవారు. ఒక్కో పళ్ళెం మధ్యలో డాలు ఆకారంలో దొర కుటుంబం ముద్ర, అందులో ఒక చెట్టు. డాలుకు ఎరుపు, నీలం, బంగారు రంగులు నిండుగా ఉన్నా చెట్టుకు రంగు లేదు. కొమ్మల నడుమ సన్నటి తీగలాంటి రాత ఒకటి ఉండేది. అది దొర సంతకమనేవారు.

ఆదివారం భోజనానికి వచ్చిన చుట్టాలకు ఈ కథ చెప్పడం నా పని.

"మా అల్లుడు పేపర్లో ఉండాడు. ఆయన నోట వినాల," అనేవారు మామగారు.

ఒకసారి ఆయన తమ్ముడు, నా భార్యకు చిన్నాయన, తాంబూలం నములుతూ అన్నాడు: "ఈ పింగాణి వండేదానికి రాదు, తినేదానికి రాదు. పొద్దస్తమానం హాల్లో కూసోనుంటాది. నీకు సరైన జోడీ అల్లుడా!"

అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ రాత్రే నా భార్యతో వేరు కాపురం మాట ఎత్తాను. ఆమె నాకంటే ముందే సిద్ధంగా ఉంది. ఆఫీసుకు దగ్గర్లో, ట్రిప్లికేన్‌లో రెండు గదుల వాటా చూసుకున్నాం. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనని ఇంటాయన మాటిచ్చాడు.

మామగారు కోప్పడలేదు. "పోదువు లేప్పా. ముందు మన పళ్ళాల మీద మీ పేపర్లో ఒకటి రాయి, ఫోటో ఏసి. అది అచ్చయినాక నేనే బండి మాట్లాడిస్తా."

రాయడానికి కూర్చునే ముందు నాలుగు విషయాలు సరిచూసుకోవడం మా వృత్తిలో అలవాటు. లైబ్రరీలో పింగాణి గురించిన పుస్తకం తీసి చూశాను. లోస్టాఫ్ట్‌లో ఒక చిన్న కార్ఖానా ఉండేదట, అదీ కొంతకాలానికి మూతపడిందట. అయితే చీనాలో చేసి, అక్కడే దొరల ముద్రలు వేసి పంపిన సామాను ఎంతో ఉందనీ, ఎవరో పండితుడు పొరబడడం వల్ల దానికీ లోస్టాఫ్ట్ పేరే అంటుకుందనీ అందులో రాశారు. మాది పెడన. మా ఊళ్ళో అద్దిన గుడ్డ బందరు అద్దకంగా అమ్ముడవడం చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణి కాబట్టి నాకది వింతగా తోచలేదు. కానీ మా పళ్ళాలు ఏ రకమో ఎలా తేల్చడం?

ఆ వారంలోనే ఆఫీసులో ఒక గొడవ జరిగింది. అచ్చు అక్షరాలు పేర్చే మా కంపోజిటర్లలో పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. అక్షరాల రూపం చూసి ఇంగ్లీషు ప్రకటనలు పొల్లు పోకుండా పేర్చేవాడు. ఒక ప్రకటన అంచున 'ఇక్కడ పెద్ద టైపు' అని ఎవరో ఇంగ్లీషులో రాస్తే ఆయన దాన్నీ పేర్చేశాడు. అలాగే అచ్చయింది. "మీరు రాసింది రాసినట్టే పెట్టాను గదండీ!" అని మర్నాడు మా ముందు నిలబడ్డాడు.

ఆదివారం చుట్టాలకు కథ చెబుతూ, దొర సంతకం దగ్గర ఆగిపోయాను.

సోమవారం ఆఫీసులో ఫోటోలకు బ్లాకులు చేసే విభాగం నుంచి భూతద్దం అడిగి తెచ్చాను. కొమ్మల నడుమ ఉన్నది సంతకం కాదు, 'గ్రీన్' అన్న మాట. ముద్ర వేయడానికి పంపిన నమూనాలో చెట్టుకు ఆకుపచ్చ వెయ్యమని దొర రాసి ఉంటాడు. ఇంగ్లీషు రాని చిత్రకారుడెవరో ఆ మాటనే ఓపికగా పన్నెండు పళ్ళాల మీదా దించాడు. ఆ పనివాడిది ఇంగ్లండు కాదు, చీనాయేనని అప్పుడు నమ్మాను.

నా భార్యకు చూపించాను. ఆమెకు ఆశ్చర్యం కంటే విసుగే ఎక్కువైంది.

"ఆ ఊరోళ్ళు ఈడికొచ్చి అడగబోతారా? లోస్టాఫ్టనే రాసేయండి, పోదాం."

"తెలిసి తెలిసి అబద్ధం ఎలా అచ్చు వేయించను?"

"ఆదివారం ఆదివారం నోటితో చెప్పేదే గదా. చేత్తో రాసేదానికి ఏమొచ్చింది?"

 రెండు రోజులు తటపటాయించి, నిజం చెబితే వ్యాసం మాట వదిలేసి మమ్మల్ని పంపేస్తారన్న ఆశతో మామగారి చేతికి భూతద్దం ఇచ్చాను. ఆయన పన్నెండు పళ్ళాలూ ఒక్కొక్కటే చూశారు. చూసిన వరసలోనే బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఇంకెవరికి తెలుసు?"

"మీ అమ్మాయికి."

"సరి. పేపర్లో రాయబాక."

"మరి ట్రిప్లికేన్ ఇల్లు, మామయ్యగారూ?"

ఆయన బీరువా తాళంచెవి మొలలో దోపుకున్నారు. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. "ఈ మాట తెలిసినోడు బయట కాపురముంటే నాకు నిద్ర పట్టదప్పా. ఈడే ఉండు."

తర్వాతి ఆదివారం చిన్నాయనే అడిగాడు, "ఏమల్లుడా, పళ్ళాల కత లేదా నేడు?" అని. మామగారు తల వంచుకుని మజ్జిగన్నం కలుపుతున్నారు. నా భార్య నేతిగిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఇంగ్లండులో సముద్రపు ఒడ్డున ఒక ఊరుంది," అని మొదలుపెట్టాను. ఈసారి సంతకం దగ్గర ఆగలేదు.

భోజనాలయ్యాక మామగారు అందరి ముందూ బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టారు. "అబ్బో, అల్లుడికి పెత్తనమొచ్చేసిందే!" అన్నాడు చిన్నాయన. నా భార్య గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ట్రిప్లికేన్ ఇంటాయనకు వద్దని చెప్పడానికి మర్నాడు గంట ముందే బయల్దేరాను. తాళంచెవి జేబులోనే ఉంది.