దొడ్డమ్మ తోమిన రాకెట్

దొడ్డమ్మ పోయిన కబురు నాకు నాలుగు గజాల తెల్లగుడ్డతో వచ్చింది. మంగళవారం పొద్దున్న హైస్కూలు బంట్రోతు సైకిలు దిగి ఆ గుడ్డని మా షాపు బల్ల మీద పడేశాడు. "పాత ఆయా పోయిందిరా. సాయంత్రం సంతాపసభ. రెండు వరుసలు రాసిమ్మన్నారు హెడ్‌మాస్టరు గారు" అన్నాడు. రాయాల్సిన మాటలు చీటీ మీద ఉన్నాయి: అమాయకురాలు, నిష్కల్మష సేవకురాలు అయిన ఆయమ్మకు అశ్రునివాళి.

నేను ఒక్క అక్షరం రాయలేదు. గుడ్డ మడతపెట్టి తిరిగిచ్చేశాను. మా షాపు యజమాని నన్ను నానా తిట్లూ తిట్టాడు. తిట్టనీ. అమాయకురాలట! ఉన్న ఉద్యోగం ఊడబీకి, తరవాత ఏం తిని బతికిందో ఏడేళ్ళు కన్నెత్తి చూడనివాళ్ళు, ప్రాణం పోయాక బిరుదులిస్తున్నారు. ఆవిడ గురించి రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. నాది బోర్డులు రాసే పని. నాలుగో తరగతిలో బడి మానేశాను. మిగతా చదువు పెద్దక్షరాలు రాస్తూ, లైబ్రరీలో చిన్నక్షరాలు చదువుతూ నేర్చుకున్నదే. భాషలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. విషయంలో తప్పు లేదు.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. అమలాపురంలో కాలవగట్టున మా ఇంటి పక్కిల్లు. మా అమ్మ అక్కా అని పిలిచేది కాబట్టి నాకు దొడ్డమ్మ. స్కూలుకి మాత్రం ఇరవై రెండేళ్ళు ఉత్త ఆయా. గదులూడ్చేది, కుండల్లో నీళ్ళు నింపేది, గోడలు కడిగేది. గాజులకి ఎప్పుడూ అరడజను పిన్నీసులు తగిలించుకుని ఉండేది. ఏ ఆడపిల్లకి జాకెట్టు చిరిగినా, పరికిణీ ఊడినా ముందు ఆవిడ దగ్గరికే పరిగెత్తేది. నోరు మాత్రం మెత్తనిది కాదు. ఒక మేష్టారు కిళ్ళీ నమిలి గోడ మీద ఉమ్మితే, పిల్లలందరి ముందూ అడిగేసిందట: "ఇది తమరు కడుగుతారా, నేను కడగాలాండి?" ఆ మేష్టారు మర్నాటి నుంచీ కిటికీలోంచి ఉమ్మడం మొదలెట్టాడు.

ఎవరింటికెళ్ళినా బోర్లించిన గిన్నెలు చూసేది. కొత్తగా కాపరానికొచ్చిన పిల్లల్ని "ముందు గిన్నె అడుగు చూపించవే, తరవాత నీ మొహం చూస్తాను" అని ఏడిపించేది. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక బల్లలు తుడిచి గాని ఇంటికొచ్చేది కాదు. ఎవరూ చెయ్యమనలేదు. "దేవుడు చూత్తాడని కాదురా, మరక చూస్తే నాకే నిద్దర పట్టదు" అనేది. ఆ గుణమే ఆవిడ కొంప ముంచింది.

ఏడేళ్ళ క్రితం వేసవి సెలవులకి ముందు, ఎక్కడిదో దూరపు ఊరి సంస్థ విజ్ఞాన ప్రదర్శన అని ఒకటి తెచ్చి ఆ స్కూల్లో పెట్టింది. స్కూలు పేరు రాయను. రాస్తే గౌరవించినట్టవుతుంది. లారీ ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకొచ్చి, పడవలు జతచేసి చెక్కలు పరిచిన పంటు మీద గోదావరి దాటింది. టార్పాలిన్ కింద ఉన్నది అంతరిక్షం నుంచి తిరిగొచ్చిన అసలు వ్యోమనౌక అని కరపత్రాలు పంచారు. మా నోట అది రాకెట్ అయింది. రష్యావాళ్ళదని కొందరు, అమెరికావాళ్ళదని కొందరు కాఫీ హోటళ్ళలో కొట్టుకు చచ్చారు.

ప్రదర్శనకి బోర్డులు రాసింది నేనే. అందుకని టిక్కెట్టు లేకుండా అందరికంటే ముందు దగ్గర్నుంచి చూశాను. వడ్ల గాదె అంత ఉంది. పైన సన్నగా, కింద వెడల్పుగా, గుండ్రటి చిన్న కిటికీలతో. అడుగంతా నల్లగా మాడిపోయి ఉంది. ఆకాశం నుంచి దిగేటప్పుడు గాలి రాపిడికి మండిన గుర్తు అది అని సంస్థ మనిషి బెత్తంతో చూపించాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ నలుపు ముందు నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ తరవాతే బోర్డు రాశాను: ముట్టరాదు. ఎర్రరంగుతో, జానెడెత్తు అక్షరాలు. అది ఆ రోజే రాకెట్టు పక్కన నిలబెట్టేశాను.

ప్రారంభానికి ముందురోజు హెడ్‌మాస్టరు దొడ్డమ్మని పిలిచి, రేపు పెద్దాఫీసరు గారొస్తున్నారు, హాల్లో ఒక్క మరక కనపడితే ఊరుకోనని చెప్పాడు. ఆవిడ తెల్లారకముందే వచ్చింది. నేల కడిగింది, బల్లలు తుడిచింది. తుడిచాక రాకెట్టుని చూసింది. నేను మిగతా బోర్డులు తగిలించడానికి వెళ్ళేసరికి, పక్కన బూడిద చిప్ప పెట్టుకుని, కొబ్బరిపీచుతో దాని అడుగు తోముతోంది. ముప్పాతిక అయిపోయింది. తళతళలాడుతోంది.

"దొడ్డమ్మా! ఏంటి చేస్తున్నావు?" అని అరిచాను.

"ఎందుకురా అరుస్తావు? అంత దూరం నుంచొచ్చింది, దీన్ని ఒక్కరూ కడగలేదు పాపం. వచ్చే పెద్దోరు మన బడి గురించి ఏటనుకుంటారు?"

నేను వంగి చూశాను. నలుపు పోయిన చోట రేకు బయటపడింది. దాని మీద తలకిందులుగా, వంట నూనె కంపెనీ అచ్చేసిన అక్షరాలు. నూనె డబ్బాలు కోసి, సాపు చేసి, చెక్క మీద కొట్టిన రేకులవి. ఆ వ్యోమనౌక చూసిన ఆకాశమల్లా కోటిపల్లి రేవు దగ్గరిదే.

సంస్థ మనిషి వచ్చి గుండెలు బాదుకున్నాడు. హెడ్‌మాస్టరు పరిగెత్తుకొచ్చాడు. మా యజమానిని పిలిపించారు. గంటలో పని అయిపోవాలన్నారు. నేనే చేశాను. నల్లరంగు కలిపి, ముందు ఆ నూనె కంపెనీ అక్షరాలు కప్పేసి, అడుగంతా పూసి, మాడినట్టు కనపడడానికి అంచుల్లో గుడ్డతో అద్దాను. బాగా కుదిరిందని మెచ్చుకున్నారు కూడా.

రంగు చేతులు కడుక్కోకముందే నన్ను హెడ్‌మాస్టరు గదిలోకి రమ్మన్నారు. అక్కడ హెడ్‌మాస్టరు, స్కూలు కమిటీ కార్యదర్శి, సంస్థ మనిషి కుర్చీల్లో ఉన్నారు. మా యజమాని గోడవార నిలబడ్డాడు. దొడ్డమ్మ వాళ్ళ ఎదురుగా.

"ముట్టరాదని అంత పెద్ద బోర్డు రాయించేం. కనపళ్ళేదా నీకు?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"కనపడిందండి. చదవడం రాదు కదండి."

ఇరవై రెండేళ్ళు తమ బడిలో పనిచేసిన మనిషికి నాలుగక్షరాలు నేర్పలేకపోయామని ఆ గదిలో ఒక్కడికైనా సిగ్గేసిందనుకున్నారా? లేదు.

ఆవిడే మళ్ళీ అంది: "అయినా అది మాడిన నలుపు కాదండి. అన్నం మాడిన గిన్నె మూడ్రోజులు నానబెట్టినా మచ్చ వదలదండి. ఇది పీచు పెట్టగానే వచ్చేసింది. రంగండి అది."

కార్యదర్శి పగలబడి నవ్వాడు. "ఇంకేం, సైన్సు మేష్టార్ని ఇంటికి పంపించేద్దామండి. రేపట్నించి పాఠాలు ఆయా చెప్తాది!" అందరూ నవ్వారు. మా యజమాని అందరికంటే గట్టిగా నవ్వాడు.

సంస్థ మనిషి మాత్రం నవ్వలేదు. లోహమంతా గీతలు పడిపోయిందని, దేశాల మధ్య మాటొస్తుందని బెదిరించాడు. హెడ్‌మాస్టరు నావైపు తిరిగాడు. "నువ్వు దగ్గర్నుంచి చూసేవుగా. గీతలు పడ్డాయా, లేదా?"

ఆవిడ ఉద్యోగం ఆ క్షణాన నా నాలిక మీద ఉంది. మా యజమాని నా కాలు తొక్కాడు. స్కూలు బోర్డులన్నీ మా షాపే రాస్తుంది. కాదంటే మర్నాడు నాకు పని ఉండదు.

"ఆయ్. పడ్డాయండి" అన్నాను.

దొడ్డమ్మ నా మొహంలోకి చూడలేదు. నా చేతులకేసి చూసింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడ బొడ్లో తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ప్రదర్శన మూడు రోజులు నడిచింది. రాజోలు నుంచి, కొత్తపేట నుంచి జనం. బండారులంక నుంచి మగ్గాలు ఆపుకుని పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. మీరూ ఆ వరుసలో నిలబడే ఉంటారు. మీరు నోరెళ్ళబెట్టి చూసిన నలుపు నేను పూసింది.

దొడ్డమ్మ కాలవగట్టున పీచు కొట్టే పనిలో చేరింది. నీళ్ళలో నానిన కొబ్బరి డొక్కలు కర్రతో చితక్కొట్టే పని. వేళ్ళు వాచిపోయేవి. పిన్నీసులు మాత్రం గాజులకి అలాగే ఉండేవి. నేను మా ఇంటికి వెనక సందులోంచి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

పోయినేడాది మన దేశపు మనిషి కూడా అంతరిక్షానికి వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చిన వాహనం ఎండిపోయిన బయల్లో పడి ఉన్న బొమ్మ పేపర్లో వేశారు. ఆ పేపరు పట్టుకుని మొదటిసారి ఆవిడ గుమ్మం ఎక్కాను. ఆవిడ దగ్గుతూ మంచం మీద ఉంది. బొమ్మ చూపించాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదీ మాడ్డమంటే. ఇది నేను తోమినా వదలదు" అంది.

అప్పుడు చెప్పాను. నూనె డబ్బాల సంగతి, అక్షరాల సంగతి, అబద్ధం సంగతి, అన్నీ. అంతా విని పేపరు మడిచి నా చేతిలో పెట్టింది.

"తెలుసురా. నీ చేతుల నిండా నల్లరంగే కదా ఆ రోజు."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు దొడ్డమ్మా? నా చేతులు చూపిస్తే సరిపోయేది కదా."

"చూపిస్తే నీ పనీ పోద్ది. మీ అమ్మకి అప్పుడు ఒంట్లో బాగోదు." కాస్సేపు దగ్గింది. "అలాగని మర్చిపోయేననుకోకు. ఆరేళ్ళూ చూసేను, ఒక్కనాడైనా వస్తావని. సందులోంచి దొంగలా పోయేవు."

"తప్పయిపోయింది దొడ్డమ్మా."

"నాకు చెప్తే ఏం లాభం? నాకు తెలిసిందేగా. ఆ గదిలో చెప్పు. ఎక్కడన్నావో అక్కడే చెప్పు."

సరేనన్నాను. వెళ్ళలేదు. రేపన్నాను, పండగ పోనీ అన్నాను, హెడ్‌మాస్టరు రిటైరవుతాడుగా అప్పుడు చూద్దామనుకున్నాను. ఎదటివాళ్ళని పిరికివాళ్ళని తిట్టడంలో నన్ను మించినవాడు లేడు. నా పిరికితనానికి మాత్రం రోజుకో సాకు దొరికింది. ఇంతలో ఆవిడే వెళ్ళిపోయింది.

గుడ్డ తిరిగిచ్చిన సాయంత్రం స్కూలుకి వెళ్ళాను. సంతాపసభ హాల్లో పెట్టారు. ఒక నిమిషం మౌనం పూర్తిగా పాటించనుకూడా లేదు, ఎవరో చేతి గడియారం చూసుకుని దగ్గారు. అయిపోయాక హెడ్‌మాస్టరు తన గదిలోకి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. అదే బల్ల.

"ఏంటోయ్?" అన్నాడు.

"గీతలు పడలేదండి. ఆ రోజు నేను అబద్ధం చెప్పేను. అది నూనె డబ్బా రేకండి. నలుపు నేను పూసింది. దొడ్డమ్మ చెప్పిందే నిజమండి."

"పోయినావిడ ఎలాగూ పోయింది. ఇప్పుడెందుకోయ్ అవన్నీ" అని ఆయన కాగితాలు సర్దుకోసాగాడు.

నేను మళ్ళీ చెప్పాను. ఈసారి స్కూలంతా వినపడేటట్టు అరిచాను. "గీతలు పడలేదండి!"

బయటికొచ్చేసరికి వరండా ఊడుస్తున్న కొత్త ఆయా చీపురు ఆపి నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. నా మొహంలోకి సూటిగా చూస్తూ నిలబడింది. నేను మెట్లు దిగాను, గ్రౌండు దాటాను, గేటు దాటాను. అంతసేపూ వెనక నుంచి చీపురు చప్పుడు రాలేదు.