కనకత్త బోణీ బేరాలు

మా చిన్నప్పుడు ఇంట్లో ఏది వండినా ఇంగువ వాసనే... పప్పులో ఇంగువ, పులుసులో ఇంగువ, ఆఖరికి మజ్జిగలోనూ ఇంగువే. దానికంతటికీ కారణం మా మేనత్త కనకం. ఆవిడ నరసాపురం బజారులో చందాలు ఎత్తేది మరి!

చందాలకీ ఇంగువకీ ఏంటి సంబంధం అంటారా... వినండి.

కనకత్త భర్తకి, అంటే మా మావయ్యకి, రాజమండ్రిలో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. కాసేపట్లో దిగాల్సిన మత్తు మర్నాటి దాకా దిగలేదు. అంతసేపూ ఊపిరి మిషన్ మీదే ఉంచారట. ఆసుపత్రి వరండాలో కూర్చుని అత్త మొక్కని దేవుడు లేడు. మావయ్య లేచి కాఫీ అడిగాక, డాక్టరమ్మ గారు అసలు సంగతి చెప్పారు. మా వ్యాపారస్తుల కుటుంబాల్లో కొందరి ఒంటికి ఆ మత్తుమందును అరిగించుకునే శక్తి తక్కువట. వంశంలో వస్తుందట. యూనివర్సిటీలో దాని మీద పరిశోధన మొదలుపెట్టారు గానీ డబ్బూ చాలడం లేదు, రక్తం ఇచ్చేవాళ్ళూ లేరట.

"యూదులని ఉన్నారండి. వాళ్ళలోనూ ఇలాగే వంశంలో వచ్చే జబ్బు ఉంటే, వాళ్ళలో వాళ్ళే చందాలేసుకుని యూనివర్సిటీలకిచ్చి పరిశోధన చేయించుకున్నారు" అన్నారట ఆవిడ.

అంతే... ఆ మాట అత్త బుర్రలో నాటుకుపోయింది. ఆవిడకి ఇద్దరు మగపిల్లలు. రేపు వాళ్ళకి ఏ ఆపరేషనో చేయాల్సి వస్తే? తండ్రి గుణం ఎవరికి వచ్చిందో తెలిసేదెలా? ఆ భయమే ఆవిడను గుమ్మం దాటించింది.

మొదటి రోజు పొద్దున్నే బయలుదేరి తెల్లమొహం వేసుకుని తిరిగొచ్చింది. బోణీ కాకుండా చందా అడిగితే ఏ షావుకారు ఇస్తాడు? కొట్టున్న ఇంట్లో పుట్టి, కొట్టున్న ఇంటికి కోడలై ఆ మాత్రం మరిచిపోయిందని మా నాన్న ఒకటే నవ్వు. మర్నాటి నుంచి పద్ధతి మార్చింది. ముందు తనే ఏదో ఒకటి కొని బోణీ చేసేది... తర్వాత కొంగు సర్దుకుని చందా మాట ఎత్తేది. కిరాణా కొట్లో చేతిసంచికి బరువు కానిది ఇంగువ డబ్బీ. ఆ డబ్బీలన్నీ చివరికి మా వంటింటికే చేరేవి. అదీ సంగతి!

సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. "పేరెక్కడ వేయిస్తావమ్మా?" అని అడగని షావుకారు లేడు. గుడికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు, సత్రానికి గది కట్టిస్తే గోడ మీద పేరు... పరిశోధనకి ఏ రెక్క ఉంది? "పేరుండదండి, పుణ్యం ఉంటుంది" అనేది అత్త. యూదుల సంగతి చెప్తే ఒకాయన మహా శ్రద్ధగా విని, "వాళ్ళది ఏ గోత్రం అమ్మా?" అన్నాడు.

అందరిదీ చివరికి ఒకటే మాట... వెంకటరత్నం గారు వేస్తే మేమూ వేస్తాం. ఆయన బజారుకి పెద్ద. మా ఇంగువలో సగం ఆయన కొట్టుదే.

"డబ్బుదేముంది కనకమ్మా. రక్తంలో దోషం ఉందని మనకి మనమే టముకేసుకుంటే, రేపు మన ఆడపిల్లల్ని ఎవరు చేసుకుంటారు?" అన్నారాయన ఒకరోజు.

"దోషం కాదు బాబాయిగారూ. తెలిస్తే వేరే మందిస్తారు. తెలియకపోతేనే కదండీ ప్రాణం మీదకొచ్చేది" అంది అత్త.

ఆయన తక్కెడ వైపు తిరిగిపోయారు. ఇంటికొచ్చే దారంతా అత్త కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నాకైతే ఆయన మీద ఒళ్ళు మండిపోయింది.

అయినా అనుకున్న ఆదివారం యూనివర్సిటీ వాళ్ళు పరిశోధనకి రక్తం తీసుకోవడానికి కల్యాణ మండపానికి వచ్చారు. బల్లలు వేశారు, సూదులు సర్దారు... మా ఇంటివాళ్ళం తప్ప ఈగ కూడా వాలలేదు. పాపం వాళ్ళే మొహమాటపడుతూ, "ఇక సర్దేసుకుంటామండి" అన్నారు.

అప్పుడు గుమ్మం ముందు రిక్షా ఆగింది. దిగింది వెంకటరత్నం గారి భార్య మహలక్ష్మమ్మ గారు.

"ఇంకా ఎవరూ రాలేదా కనకం?"

"మా వాళ్ళే ఇచ్చారు పిన్నిగారూ."

"ఇంట్లోవాళ్ళు కొంటే బోణీ అవుతుందేంటే! మా కొట్లో ఎన్నిసార్లు చేశావు... ఇవాళ నీకు నేను చేస్తాను" అంటూ ఆవిడ గాజులు పైకి తోసి చెయ్యి చాపారు.

"మరి బాబాయిగారు..." అని నసిగింది అత్త.

"ఆయనకి నే చెప్పుకుంటాలే. పిల్లకి పెళ్ళి కావాలన్నా ముందు పిల్ల బతికుండాలి కదే!"

మధ్యాహ్నానికల్లా మండపం బయట చెప్పులు గుట్టపడ్డాయి. సాయంత్రం వెంకటరత్నం గారూ వచ్చారు... ఎవరి మొహమూ చూడకుండా చొక్కా చెయ్యి మడుచుకున్నారు. వెళ్తూ వెళ్తూ చందా కూడా వేశారు.

పోయిన నెల కాకినాడలో నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. మత్తు ఇచ్చే డాక్టరు చిన్నమ్మాయి. "మీది వ్యాపారస్తుల కుటుంబమాండీ? మీ ఇంట్లో ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమైందా?" అని అడిగింది.

"ఎందుకమ్మా అలా అడిగావు?" అన్నాను.

"మీ వైపు వాళ్ళని తప్పకుండా అడగాలండి. మాకు చదువులోనే చెప్పారు."

బల్ల మీద పడుకునే ఏడ్చేశాను. భయపడుతున్నాననుకుని ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

కనకత్త ఇప్పుడు లేదు. ఏ ఫ్యాను రెక్క మీదా ఆవిడ పేరు లేదు. ఈ రోజుల్లో చందా అంటే ఫోన్లో ఒక లింకు... ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు, ఎవరి చేతా మాట పడక్కర్లేదు, ఎవరి బోణీ కోసమూ ఇంగువ కొనక్కర్లేదు. సుఖమే. కానీ ఇప్పటికీ ఇంగువ పోపు వాసన తగిలితే నాకు ఆవిడే గుర్తొస్తుంది.

మీ ఊళ్ళోనూ ఇలా నలుగురి కోసం తిరిగి, ఎక్కడా పేరు పడకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళ పేర్లు కింద రాయండి. ఇక్కడైనా పడనివ్వండి.