అమెరికా గుడి మెట్ల మీద హన్నమ్మ

నారాయణఖేడ్ బస్‌డిపో దగ్గర జామకాయలమ్మే హన్నమ్మ ఆదివారం చర్చికి అందరికంటే ముందు వస్తుంది, లోపలికి మాత్రం అందరి తరువాత వెళుతుంది. మెట్ల కింద విడిచిన చెప్పులను జతలుగా చేర్చి, ముసలివాళ్లు దిగుతూనే కాలు పెట్టుకునేలా బయటివైపు తిప్పి పెడుతుంది. అప్పుడుగాని కొంగు తలమీదికి లాక్కోదు. పోయిన ఎండాకాలం హైదరాబాద్‌కు కూలిపనికి పోయినప్పుడు, సినిమావాళ్లు వేసిన అమెరికా సెట్టింగులో తనకు గౌను తొడిగి, టోపీ పెట్టి గుంపులో నడిపించారని ఆమె చెబితే వాడకట్టులో ఎవరూ నమ్మలేదు. "ఏంది చిన్నమ్మా, అమెరికాల జామకాయ ఎట్లిస్తుండ్రు?" అని పక్కింటి కోమల ఆటపట్టించేది. హన్నమ్మ నవ్వేసేది గాని, ఒక్కరైనా నమ్మితే బాగుండునని లోపల ఉండేది.

మొన్న ఆ సినిమా టీవీలో వస్తే అందరూ కోమల ఇంట్లో చేరారు. పేరుకు న్యూయార్క్, వీధి చివర వేపచెట్టు. "అమెరికాల యాపచెట్టేందే!" అని పకపక నవ్వారు. గౌన్ల ఆడవాళ్లు చర్చిలోకి పోతున్నారు. టోపీల కింద ఒక్క ముఖమూ కనబడలేదు. హన్నమ్మ తల దించుకుంది. అంతలో చివరి ఆవిడ మెట్ల దగ్గర ఆగి, బూట్లు విప్పి, జతచేసి, బయటివైపు తిప్పి పెట్టి, వట్టి కాళ్లతో లోపలికి నడిచింది.

"ఓ చిన్నమ్మా, నువ్వే!" కోమల ఎగిరి వాటేసుకుంది. "గది ఉత్త అట్ట గుడి గద, ఎందుకిడిసినవ్?"

"అట్టదైతే ఏంది బిడ్డా," హన్నమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది, "మీద సిలువ ఉండె గద."