ఇద్దరికి కుదిరిన గేరు

మా బాబాయిని మెకానిక్కులంతా పళ్ళ డాక్టరు అనేవాళ్ళు. ఏ బండి వచ్చినా ఆయన బానెట్ ఎత్తేవాడు కాదు, తిన్నగా బండి కిందికి దూరి గేర్ల పళ్ళు లెక్కపెట్టేవాడు. "ఇంజనుకి ఎంత బలముంటే ఏం లాభం? అది చక్రం దాకా చేరొద్దూ?" అనేవాడు. భోజనాల దగ్గర కూడా అదే మాట. విని విని నా చెవులు తుప్పుపట్టాయి.

ఇంటి వెనక సందులో ఆయనది రేకుల షెడ్డు. మధ్యలో గొయ్యి, గోడ పొడవునా అలమర, దాని నిండా నూనెగుడ్డల్లో చుట్టిన గేర్లు. ప్రతి మూట మీదా సుద్దతో రెండు అంకెలుండేవి, చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, పెద్ద చక్రానికి ఎన్ని అని. ఏ మూట ఎక్కడుందో ఆయనకీ పిన్నికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

కారు నడిపేది పిన్ని. ఊరవతల కొండరోడ్డు మీద ఏడాదికోసారి పందెం జరిగేది. ఒక్కో కారూ విడిగా కింది నుంచి పైకి వెళ్ళాలి, తక్కువ సమయంలో చేరినవాళ్ళు గెలిచినట్టు. బాబాయికి స్టీరింగు ఇస్తే చేతులు వణికేవి. పిన్నికి స్పానరు ఇస్తే వేళ్ళు చితక్కొట్టుకునేది. అందుకని పనులు పంచుకున్నారు. నాకు స్టాప్‌వాచీ అప్పగించారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, ఉద్యోగం సద్యోగం లేదు, పైగా నోటిదురుసు.

ఆ ఏడాదిదే ఆఖరి పందెం. రోడ్డు వెడల్పు చేస్తారు, ఇక పందాలుండవని చెప్పేశారు. అంతకుముందు రెండేళ్ళూ పిన్నిది రెండో స్థానమే. "మళ్ళీ రెండో కప్పే వస్తే దాన్లో గింజలు పోసి పావురాలకి పెడతా" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మొదటి కప్పు కోసం ఆవిడ ఎంత కొట్టుకుపోతోందో మాకు తెలుసు.

చిక్కల్లా వెనక ఇరుసులోని గేరుతోనే. కొండ మొదట్లో అన్నీ ఎత్తు మలుపులు, అక్కడ బండి లాగాలంటే పెద్ద చక్రానికి పళ్ళు ఎక్కువుండాలి. చివర్లో తిన్నటి రోడ్డు, అక్కడ పళ్ళు ఎక్కువైతే ఇంజను తిరగ్గలిగినంతా తిరిగేసి, ఇక నావల్ల కాదంటుంది. అలమరలో రెండు మూటలున్నాయి, తొమ్మిది–ముప్పై ఏడు, తొమ్మిది–నలభై ఒకటి.

రెండు వారాలపాటు పొద్దున్నే కొండకెళ్ళేవాళ్ళం. బాబాయి పిన్ని పక్కసీట్లో కళ్ళు మూసుకుని కూర్చుని, ఇంజను ఎక్కడ ఆయాసపడిందో కాగితం మీద గీతలు పెట్టుకునేవాడు. "కళ్ళు తెరిస్తే భయమేస్తుంది, భయమేస్తే చెవులు పనిచెయ్యవు" అనేవాడు. భారీ మనిషి, ఆయన ఎక్కగానే కారు అటువైపు ఒరిగేది.

ముప్పై ఏడుతో మూడో మలుపు దాటగానే బండి నీరసపడిపోయింది. గేర్‌బాక్సులో మూడో గేరు మార్చి, రెండోదానికి దగ్గర చేశాడు. అయినా తీరలేదు. ఇక నలభై ఒకటి వేశాడు. వెనక చక్రాలు రెండూ పైకి లేపి, చెరో పక్కా నిలబడి ఇద్దరూ ఒకేసారి ఒక చుట్టు తిప్పారు. ఆ ఒక్క చుట్టుకి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో గొయ్యిలోంచి దాని మీది సుద్దగీతతో లెక్కపెట్టి "నాలుగున్నర దాటింది!" అని అరిచాను. మర్నాడు కొండ మీద, ముగింపు గీత దాటే క్షణానికి ఇంజను తిరిగే వేగం చూపే సూది ఎర్రగుర్తు తాకింది. అచ్చు గుద్దినట్టు కుదిరింది. బాబాయి ఆనందం చూడాలి!

పందెం రోజు పక్కన ఎవరూ కూర్చోకూడదు. బాబాయి కొండ మీద ముగింపు గీత దగ్గర నా పక్కనే నిలబడ్డాడు. మలుపుల్లోంచి కారు మోత వింటూ ఉబ్బితబ్బిబ్బై నా భుజం నొక్కేశాడు. కారు తిన్నటి రోడ్డెక్కింది. గీత ఇంకా అంత దూరముండగానే ఇంజను అరుపు ఒక్కచోట ఆగిపోయింది. ఇక పెరగలేదు. బాబాయి చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది.

అర సెకను తేడాతో మళ్ళీ రెండో కప్పే.

"పళ్ళు నేనే లెక్కపెట్టానే! ఎక్కడ తప్పింది?" అంటూ కారు దగ్గరికి పరిగెత్తాడు.

పిన్ని హెల్మెట్ తీసి పక్కసీటు వైపు చూసింది. "మీరు లేరు కదండీ. రెండు వారాలూ మిమ్మల్ని ఎక్కించుకునే చూశాం. ఇవాళ బండి తేలికైపోయి, అందుకోవాల్సిన వేగం ముందే అందుకుంది."

"అన్నీ లెక్కపెట్టావు బాబాయ్, నిన్ను నువ్వు తప్ప!" అనేశాను. ఆయన రోడ్డు మీదే కూలబడ్డాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. పిన్ని మాత్రం దిగొచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత గేరు మారుస్తానని ఆయన ఎన్నిసార్లన్నా ఆవిడ ససేమిరా అంది. ఆదివారాలు ఇద్దరూ అదే కారులో కొండకెళ్ళొచ్చేవారు. ఎంత బావుండేవో ఆ ఆదివారాలు! వీధి మలుపులో మోత వినగానే మా అమ్మ కాఫీ పెట్టేది.

బాబాయి పోయి నాలుగేళ్ళైంది. మొన్న షెడ్డు చూసుకునే మెకానిక్కు "అమ్మా, పందాలెలాగూ లేవు, ముప్పై ఏడు వేసేద్దాం, అరుపు తగ్గుతుంది" అన్నాడు.

"వద్దు నాయనా. అది మా ఇద్దరికి కుదిరింది" అంది పిన్ని. నా వైపు తిరిగి "ఎక్కవే" అంది.

కొండెక్కాం. పాత గీత ఉండే చోటు ఇంకా రాకముందే సూది ఎర్రగుర్తు తాకింది. పిన్ని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది.

"నువ్వు సరిపోవే" అంది.