బిష్కెక్‌లో ఎంత, అల్మాటీలో ఎంత

సాగిన్‌బెక్ బైకెకు ఉన్నది ఒకటే జబ్బు. ఏ వస్తువు పేరెత్తినా అది బిష్కెక్‌లో ఎంత, అల్మాటీలో ఎంత, దాని మీద ఏ ఊళ్లో పన్ను ఎంత అన్నది చెప్పేదాకా ఆయనకు ఊపిరాడదు. ఉప్పు మొదలు సమాధి రాయి దాకా ఆయన నోట్లో పడకుండా తప్పించుకున్న సరుకు లేదు.

బైకె అంటే అన్నగారు. బిష్కెక్ పడమటి బస్టాండులో ముసలివాళ్లకు కూడా ఆయన అన్నగారే. నేను అక్కడ అల్మాటీ బళ్లు నింపేదాన్ని. లోపల పది సీట్లు ఖాళీగా ఉన్నా సరే, "అల్మాటీ, అల్మాటీ, రెండే సీట్లు" అని గొంతు చించుకోవడం నా ఉద్యోగం. ఆయనది పదహారు సీట్ల వ్యాను. పొద్దున్నే బయలుదేరి, సరిహద్దు దాటి, కొర్దాయ్ కనుమ ఎక్కి దిగి, మధ్యాహ్నానికల్లా అల్మాటీ చేరేవాడు. అక్కడ గంటన్నర ఆగి మళ్లీ వెనక్కి. రోజూ ఇదే. రెండు ఊళ్ల మధ్య తిరిగే మనిషి రెండు ఊళ్ల సంగతీ మాట్లాడితే తప్పేముంది అనుకుంటారు మీరు. ఆయన బండి ఎక్కితే తెలుస్తుంది.

"నీళ్ల సీసా ఉందా బైకె?" అని ఎవరైనా దాహంతో అడిగితే, ఇచ్చేవాడే. అయితే ముందు ఆ సీసా ఇవతల ఎన్ని సోములో, అవతల ఎన్ని తెంగెలో, మారకం చేస్తే ఎంత తేలుతుందో విని తీరాలి. ఇంతలో సగం దాహం దానంతటదే తీరిపోయేది. నిండు గర్భిణి ఎక్కితే పురుడు ఏ ఊళ్లో చవకో చెప్పాడు. ఆవిడ భయపడి వెనక సీటుకు వెళ్లి కూర్చుంటే, అద్దంలో చూస్తూ ఉయ్యాల ధర చెప్పాడు.

సరిహద్దులో కొత్తగా వచ్చిన ఉద్యోగి ఒకసారి మామూలుగా అడిగే మాటే అడిగాడట, పన్ను కట్టాల్సిన సరుకేమైనా ఉందా అని. ఇన్నేళ్ల సర్వీసులో తన మనసు తెలుసుకుని అడిగినవాడు ఇతనొక్కడే అనుకున్నాడు మా బైకె. నలభై నిమిషాలు చెప్పాడు. వెనక లారీలు బారులు తీరాయి. ఆ తర్వాత ఆ గేటు దగ్గర ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. దూరం నుంచి వ్యాను కనిపిస్తే చాలు, పొమ్మని చెయ్యి ఊపేవాళ్లు.

పన్ను నొప్పి కథ ఇంకా గొప్పది. దవడ పన్ను పీకించుకోవడానికి బిష్కెక్‌లో తక్కువే, కానీ మత్తు సూదికి వేరే పుచ్చుకుంటారు. అల్మాటీలో ఎక్కువే, కానీ సూది అందులోనే కలిసి ఉంటుంది. ఏది లాభమో తేలక పదకొండు రోజులు వాచిన బుగ్గతో అటూ ఇటూ తిరిగాడు. పన్నెండో రోజు సరిహద్దు వంతెన మీద, ఏ దేశానికీ చెందని చోట, గట్టిగా తుమ్మితే పన్ను దానంతటదే ఊడి చేతిలో పడింది. "చూశావా అనిపా, డాక్టరు ఖర్చూ లేదు, పన్ను మీద పన్నూ లేదు" అని వారం రోజులు ఆ పన్నును జేబులో పెట్టుకుని తిరిగాడు. అనిపా అంటే నేనే.

ఇదంతా ఎందుకని అడిగితే, స్థిరపడడానికి ఊరు ఎంచుకుంటున్నానమ్మా అనేవాడు. యాభై నాలుగేళ్లు నిండాయి. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, బస్టాండు వెనక ఒక అద్దె గది. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఎంచుతూనే ఉన్నాడు. తోటి డ్రైవర్లు తక్కెడ అని పేరు పెట్టారు. తక్కెడ వచ్చాడు, తక్కెడ వెళ్లాడు అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఈ తూకమంతా ఎవరి కోసమో రెండు బస్టాండుల్లోనూ తెలియనివాళ్లు లేరు. అల్మాటీ బస్టాండులో నగీమా అనే ఆవిడ తందూరులో కాల్చిన మాంసం సమోసాలు అమ్మేది. భర్త పోయిన మనిషి. అత్తగారితో కలిసి బస్టాండు పక్క సందులోనే ఉండేది. అల్మాటీలో ఆగే ఆ గంటన్నరా మా బైకె భోజనం వాళ్లింట్లోనే. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమని కళ్లున్న ఎవరికైనా తెలిసిపోతుంది. మరి పెళ్లెందుకు చేసుకోరు?

నేను అడిగాను. నాకు నోరు కట్టుకోవడం రాదు.

"ఆవిణ్ణి ఇక్కడికి తీసుకొచ్చెయ్యొచ్చుగా బైకె?"

"తీసుకురావచ్చమ్మా. కానీ ఆవిడ కొట్టు మీద పన్ను అక్కడే నయం. ఇక్కడైతే నెలనెలా పేటెంటు అని వ్యాపారం చేసుకునే చీటీ కొనాలి."

"పోనీ మీరే వెళ్లి ఉండండి."

"అక్కడ ఇంటద్దెలు విన్నావా?"

మరుసటి ఏడాది అల్మాటీలో అద్దెలు దిగాయని తెలిసి పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. అద్దె దిగితే ఏం, కూరగాయలు ఎక్కాయిగా అన్నాడు. కూరగాయలు దిగిన ఏడాది బొగ్గు ఎక్కింది. ఆ పై ఏడాది అన్నీ దిగాయి. అప్పుడు, ఇలా అన్నీ ఒకేసారి దిగడం మంచిది కాదు, వెనక ఏదో కొత్త పన్ను వస్తోంది అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడమనిషిని బంగాళాదుంపల పక్కన పెట్టి తూచే మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఒక శరత్కాలం పొద్దున నేను సీట్లు నింపుతుంటే, ఆయన బండికి ఆనుకుని అల్మాటీ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. చేతిలో మడత పెట్టిన, ఆడవాళ్లు కప్పుకునే ఊలు శాలువా. పక్కన ఇద్దరు ఆడవాళ్లు గుడ్ల ధర గురించి పోట్లాడుకుంటున్నారు, ఆయనకు వినపడడం లేదు. ఆ మొహంలో ఉన్న బెంగ చూసి నాకు జాలి వేయాలి. నాకు కోపమొచ్చింది. ఇంత బెంగ పెట్టుకుని ఈ పన్నుల గొడవేమిటి? ఆ రోజే నా గొంతు పని ఇంకొకావిడకు అప్పజెప్పి ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. ఈ పిసినారిని వదిలెయ్యమ్మా అని నగీమాకు మొహం మీదే చెప్పి రావాలని.

నగీమా వాళ్లది రెండు గదుల ఇల్లు. గదిలో గడపకు ఎదురుగా, గౌరవమైన చోట, దిళ్లకు ఆనుకుని వాళ్ల అత్తగారు కూర్చుంది. రబీగా అజె అంటారు, అజె అంటే అవ్వ. ఎనభై దాటిన మనిషి, ఎముకల గూడు, కళ్లు మాత్రం సూదులు. బైకె వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చుని, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు. దుంపలు, పిండి, బొగ్గు, బస్సు టికెట్టు, కొట్టు పన్ను. ఒక్కొక్కటీ చెబుతుంటే ముసలావిడ ఊపిరి బిగబట్టి వింటోంది.

"అయితే ఇవాళ ఏ ఊరు తేలింది?" అంది.

"అల్మాటీయే అజె."

"మరి రేపు?"

"రేపూ అల్మాటీయే. బిష్కెక్‌లో ఈ మధ్య బతకలేం."

అప్పుడు ఆవిడ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నాకు తల తిరిగింది. ముందు రోజు సాయంత్రమే ఈ మనిషి నా ఎదురుగా నిలబడి, బిష్కెక్‌కు సాటి లేదమ్మా అన్నాడు. ఆయన టైర్లు చూసుకోవడానికి బయటికి వెళ్లగానే నేను వంటింట్లో నగీమాను పట్టుకున్నాను. నిన్ను మోసం చేస్తున్నాడమ్మా, అక్కడొక లెక్క, ఇక్కడొక లెక్క చెబుతున్నాడని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

నగీమా పిండి చేతులు తుడుచుకుంటూ నవ్వింది.

"ఆదాయం మీద పన్ను రెండు దేశాల్లోనూ పదో వంతేగా అక్కా. ఆ సంగతి ఆయనకి మొదటి రోజు నుంచీ తెలుసు."

తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. అజెకు ఒక్కడే కొడుకు. అతను పోయాక మిగిలింది ఈ కోడలే. బైకె మొదటిసారి ఆ గడప తొక్కిన రోజు ముసలావిడ అడిగింది ఒకే ఒక్క మాట. మా పిల్లను అవతలికి తీసుకుపోతావా అని. ఆయనకు గబుక్కున ఏం చెప్పాలో తోచక, లేదజె, అక్కడ పన్నులెక్కువ అన్నాడట. ఆ రాత్రి అజె చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిని పడుకుంది. మర్నాడు ఆయన రాగానే, ఇంకా ఎక్కువగానే ఉన్నాయా అని అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. ఆవిడకు రోజూ కొత్త రుజువు కావాలి. అందుకని ఆయన బండెక్కిన వాళ్లందరి దగ్గరా ధరలు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. నాలుగు నెలలు తిరక్కుండానే అది నాలుకకు అంటుకుపోయింది. బిష్కెక్‌లో ఎవరైనా పెళ్లి మాటెత్తితే అదే పన్నును అటు తిప్పి చెప్పేవాడు. ముసలావిడ అడ్డమనీ, నగీమాకు ఇష్టం లేదనీ నలుగురూ అనుకోవడం కంటే, తనని పిసినారి అనుకోవడమే మేలని.

"మరి ఆయన్నే ఇక్కడికి వచ్చెయ్యమనొచ్చుగా?" అన్నాను.

"ఇది ఆవిడ కొడుకు ఇల్లక్కా. ఆవిడ నోటితో రమ్మనందే ఇంకో మగమనిషి ఎలా వస్తాడు? నేను ఆవిణ్ణి అడగలేను. ఆయన నన్ను అడగరు. అడిగితే నేను కాదనాలి. కాదన్నాక మర్నాడు ఏ మొహంతో వస్తారు? అందుకని దుంపల రేటు చెప్పి వెళ్లిపోతారు."

"నీకు బెంగగా ఉండదూ?"

"ఎందుకుండదు. ఆ వ్యాను మలుపు తిరిగిందంటే మళ్లీ మర్నాడు మధ్యాహ్నం దాకా బెంగే. రోజు మొత్తంలో నాది ఆ గంటన్నరే." ఈసారి నవ్వలేదు. పొయ్యి వైపు తిరిగింది.

తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీ అద్దాల ధర చెబుతుంటే మొదటిసారి చివరిదాకా విన్నాను. బస్టాండులో దిగగానే ఒక డ్రైవరు, తక్కెడ వచ్చాడు అన్నాడు. వాణ్ణి పట్టుకుని ఏడు తరాలూ దులిపేశాను. వాడికి ఈ రోజుకీ కారణం తెలియదు.

ఆ చలికాలం కొర్దాయ్ మీద మంచు తుఫాను వచ్చి దారి మూసేశారు. మూడు రోజులు ఒక్క బండీ కదలలేదు. మిగతా డ్రైవర్లు ఇళ్లకు పోయి పడుకున్నారు. మా బైకె మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, వ్యాను మీద మంచు దులిపి, ఇంజను వేసి, స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు. సాగిన్ అంటే మా భాషలో బెంగపడడం. ఆ పేరు పెట్టిన తల్లి ఏం తలుచుకుని పెట్టిందో గానీ, ఆ మూడు రోజులూ ఆయన పేరుకు తగ్గట్టే ఉన్నాడు. మాట్లాడించాలని, బైకె, గుడ్లు ఎంత ఇవాళ అని నేనే అడిగాను. తెలీదమ్మా అన్నాడు. నాకు భయం వేసింది.

నాలుగో రోజు తెల్లవారగానే దారి తెరిచారు. అప్పుడే నగీమా ఫోను చేసింది. అజె నిన్ను కూడా రమ్మంటోందక్కా, ఎందుకో చెప్పడం లేదు అంది. ఈ లోకంలో బైకె తరఫు మనిషంటే నేనే కాబట్టి వెళ్లాను. దారి పొడుగునా మంచు గోడల మధ్య ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా నడిపాడు. ప్రయాణికులు ఏదో జరిగిందని నా వైపు చూశారు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అజె టీ కెటిలు తన ముందే పెట్టుకుని కూర్చుంది. మామూలుగా నగీమా పోసేది. పోసేటప్పుడు, అతిథికి అంచు దాకా పొయ్యవే అని ఈవిడ అరిచేదట. అలా ఇన్నేళ్లూ మా బైకె వాళ్లింట్లో అంచు దాకా నిండిన గిన్నెలే తాగాడు. ఆ రోజు ముసలావిడ తనే వంచి, గిన్నె అడుగున రెండు వేళ్ల మందం పోసి, ఆయన ముందుకు జరిపింది.

నా చేతిలో రొట్టె అక్కడే ఆగిపోయింది. గడప దగ్గర నగీమా కొయ్యబారిపోయింది. మా రెండు దేశాల్లో పుట్టిన చంటిపిల్లకైనా ఆ రెండు వేళ్ల టీకి అర్థం తెలుసు. తెలియనిది ఆయనొక్కడికే. గిన్నెలోకి తొంగి చూశాడు. పాపం, మొహం నిండా ఆదుర్దా.

"టీ ఆకు రేటు పెరిగిందా అజె? ముందే చెప్పకపోయారా. అవతల చవగ్గానే ఉంది, రేపు రెండు కిలోలు తెస్తాను."

అజె కెటిలు కింద పెట్టింది.

"పెరగలేదు నాయనా. నిండా పోస్తే తాగేసి వెళ్లిపోతున్నావు," అంది. "మూడు రోజులు నువ్వు రాలేదు. ఉల్లిపాయ ఎంతో తెలీక నాకు పొద్దు పోలేదు. ఇంకో గదిలో సామాను తీయించాను. నీ సామాను ఎంతుందో మీ చెల్లెలు చెబుతుందని పిలిపించాను."

ఆయన పెదవులు కదిలాయి. ఏదో ఒక అంకె బయటికి వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. ఆ రెండు గుక్కలూ తాగి గిన్నె మళ్లీ చాపాడు. ఆవిడ మళ్లీ రెండు వేళ్లే పోసింది. మళ్లీ చాపాడు.

నేను లేచి బస్టాండుకు వచ్చేశాను. బిష్కెక్ బండి వేళ దాటిపోయిందని ప్రయాణికులు మంచులో కాళ్లు తపతపలాడించుకుంటూ నా మీద విరుచుకుపడ్డారు. డ్రైవరు ఎక్కడ చచ్చాడు అని అడిగారు. టీ తాగుతున్నాడు, ఇంకా చాలాసేపు పడుతుంది, ఇంకో బండి చూసుకోండి అన్నాను.