నాలుగో అడుగు బల్ల మీద

మా మాస్టారు పోయారని నేను చెబితే ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. తప్పు వాళ్ళది కాదు, నా నోటిది. వంతెన మీద సినిమా షూటింగ్ అని చెప్పి సగం ఊరిని ఎండలో నిలబెట్టినవాణ్ణి నేను.

రాజోలు దగ్గర మా ఊళ్ళో నాకు మైకు సెట్టు దుకాణం ఉంది. ఆ పొద్దున పెళ్ళిపందిట్లో బాక్సులు కడుతుంటే మాస్టారి భార్య ఫోన్ చేశారు. నేను ఆవిణ్ణి పిన్నిగారు అంటాను. "మీ మాస్టారు కాఫీకి లేవట్లేదు బాబూ, ఒకసారి రావా" అన్నారు. వెళ్ళేసరికి ఆయన వరండాలో పేము కుర్చీలోనే ఉన్నారు. కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. తాళం వేస్తూ మధ్యలో ఎవరితోనో మాట్లాడటానికి ఆపినట్టు ఉంది.

ముందు, మాస్టారితో కలిసి వాయించే క్లారినెట్ తాతగారికి ఫోన్ చేశాను.

"తాతగారండీ, మాస్టారు పోయేరండి."

"ఆయ్, మొన్న నన్నూ ఇలాగే చంపేవు. మా కోడలు ఏడుస్తూ పొలానికొచ్చింది. పెట్టెయ్యరా ఫోను."

డ్రమ్ముల బాబాయి మరీ అన్యాయం. "ఆదివారం ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి ఇంత పెద్ద అబద్ధమా? జొరం వచ్చిందని చెప్పు, సరిపోద్ది" అన్నాడు.

చివరికి చర్చి గంట కొట్టించాల్సి వచ్చింది. గంట మోగాకే అందరూ పరుగెత్తుకొచ్చారు. గంటకున్న పరువు నాకు లేదని ఆ రోజు లెక్క తేలిపోయింది.

మాస్టారు కుర్రతనంలో విశాఖపట్నం క్లబ్బుల్లో, తర్వాత ప్రయాణికుల ఓడ మీద బ్యాండులో డబుల్ బేస్ అని, మనిషికంటే ఎత్తుండే తీగల వాయిద్యం వాయించినవారు. మోకాళ్ళు అరిగాక ఊరికి తిరిగొచ్చి, చర్చిలో పిల్లలకి పాటలు నేర్పారు. లారీలోంచి ఆ డబుల్ బేస్ పెట్టె దింపుతుంటే మా ఊరివాళ్ళు టోపీలు, తలపాగాలు తీసి నిలబడ్డారట, లోపల ఎవరున్నారో ఏమో అని. సంగతి తెలిశాక దానికి ఏనుగు ఫిడేలు అని పేరు పెట్టారు. పిన్నిగారికీ దానికీ పడేది కాదు. "ముసురు పట్టిందంటే దుప్పటి ముందు దానికి. తర్వాత మిగిల్తే నాకు" అనేవారు. దాని వెనక కోడి గుడ్లు పెడితే, పొదిగేదాకా మాస్టారు దాన్ని కదపలేదు. ఆ కొన్నాళ్ళూ ఏనుగు పక్కన ముక్కాలిపీట వేసుకుని, అది ఎక్కడుంటే అక్కడే వాయించారు.

ఆదివారం సాయంత్రం ఆ వరండాలో ముగ్గురు కూర్చునేవారు. మాస్టారు, జీవితమంతా పెళ్ళిమేళాల్లో ఊదిన క్లారినెట్ తాతగారు, కరెంటు లైన్‌మాన్‌గా రిటైరైన డ్రమ్ముల బాబాయి. చర్చి పాటే అందుకుని జాజ్ పద్ధతిలో వాయించేవారు. జాజ్ అంటే ఏమిటని నేనొకసారి మాస్టారిని అడిగాను.

"పాట ఇంటికెళ్తూ ప్రతి సందులోకీ తొంగి చూడటంరా. క్లారినెట్ వాడు సందులెమ్మట తిరుగుతాడు. బేస్ వాడు రోడ్డు మీదే నడుస్తూ ఉండాలి. వాడూ సందులోకి దూరేడంటే ఇంక ఎవరూ ఇంటికి చేరరు" అన్నారు.

నేను అప్పటికి ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తున్నాను. వాయిస్తున్నానని నా ఉద్దేశం. ఒక పెళ్ళిలో నా వాయిద్యం విని మాస్టారు దగ్గరికి పిలిచారు.

"అబ్బాయ్, ఎవరింటి తలుపురా అది?"

"ఏ తలుపండీ?"

"ఇందాకటినుంచి బాదుతున్నావు కదా, తీస్తారేమోనని చూస్తున్నాను."

జనమంతా నవ్వారు. ఊళ్ళో అందర్నీ ఏడిపించే నన్ను అంత తీరిగ్గా ఏడిపించిన మనిషిని వదలబుద్ధి కాలేదు. మర్నాడు గిటారు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

గిటారు గోడకి చేర్చమని, నన్ను కాలవగట్టు మీదికి తీసుకుపోయారు. పాఠం నడవడం. అడుగుకో స్వరం నోటితో అనాలి. పరుగు లేదు, ఆగడం లేదు, ఒక స్వరం ఎక్కువ లేదు. వాకింగ్ బేస్ అంటే అంతేనన్నారు. ముందు కర్రతో ఆయన, వెనక "దూమ్ దూమ్" అంటూ నేను. బట్టలుతికే ఆడవాళ్ళు చూసి "షుగరొచ్చిందా బాబూ?" అని జాలిపడ్డారు. "లేదండి, జాజ్ వచ్చింది" అన్నాను. "అయ్యో, మందులు సరిగ్గా వాడు" అన్నారు.

అసలు పాఠం సఖినేటిపల్లి రేవులో జరిగింది. గోదావరి దాటించే పంటు వచ్చి ఆగుతుంది, గట్టుకి బల్ల వేస్తారు, జనం దిగుతారు. "వాళ్ళ కాళ్ళు చూడు" అన్నారు మాస్టారు. పంటు మీద కొన్ని అడుగులు, ఒక అడుగు బల్ల మీద, తర్వాతది గట్టు మీద. చూస్తుండగానే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెళ్ళివారి మనిషొకడు, బల్లెందుకన్నట్టు పంటు మీంచి గట్టుకి ఎగిరాడు. మోకాలి దాకా బురదలో దిగిపోయాడు. చెప్పు అందులోనే ఉండిపోయింది.

"అది నువ్వే. ఒక స్వరాల గుత్తి, అదే కార్డ్, దాని మీంచి ఇంకోదాని మీదికి నువ్వు అలాగే దూకుతున్నావు" అన్నారు మాస్టారు. "ఒక్కో గుత్తికీ నాలుగు అడుగులు. మొదటిది దాని సొంత స్వరం మీద గట్టిగా. మధ్యవి నీ ఇష్టం. నాలుగోది మాత్రం రాబోయే గుత్తి గుమ్మానికి ఒక్క మెట్టు కిందో, పైనో పడాలి. నాలుగో అడుగు బల్ల మీద, ఒకటో అడుగు గట్టు మీద. దిగేవాడికి దిగుతున్నట్టు తెలియకూడదు."

ఇంకో మాట కూడా అన్నారు. "బేస్ భలే ఉందని ఎవడన్నా తిరిగి చూసేడంటే, ఎక్కువ వాయించేవన్నమాట." నాకు ఈ మాట అస్సలు నచ్చలేదు. నలుగురూ తిరిగి చూడటం కోసమే బతుకుతున్నవాణ్ణి కదా.

అందుకని ఒక ఆదివారం, ఎవరో మహానుభావుడు వాయించిన బేస్‌ని ఫోన్‌లోంచి నా బాక్సులోకి వదిలి, నేను ఉత్తుత్తినే తీగల మీద వేళ్ళాడించాను. మాస్టారు కళ్ళు మూసుకుని తల ఊపారు. అయిపోయాక "అద్భుతం" అన్నారు. నేను లోపల గంతులేస్తుంటే, "ఆ వాయించినాయనకి నా నమస్కారాలు చెప్పు. నీ పాదం మొదటినుంచీ నిద్రపోతూనే ఉంది" అన్నారు. కళ్ళు మూసుకున్నది నటన. చూస్తున్నది నా కాలిని.

తర్వాత పక్షవాతం ఆయన ఎడంచేతిని పట్టుకుపోయింది. ఏనుగు ఫిడేలు మూలకి చేరింది. బేస్ లేక తాతగారు సందుల్లోకి వెళ్ళి తిరిగి రావడం మర్చిపోయేవారు, బాబాయి ఆయన కోసం ఎదురుచూసి చూసి డ్రమ్ము ఆపేసేవాడు. ఇద్దరూ మొహాలు చూసుకుని టీ తాగి వెళ్ళిపోయేవారు. మాస్టారు నన్ను పిలిచారు. ఆ ఒక్కసారే ఆయన గొంతులో వెటకారం లేదు.

"ఈ ఆదివారాలు ఆగిపోకూడదురా. వాళ్ళిద్దరూ ఇది లేకపోతే అరుగు మీద కూర్చుని ఒకళ్ళ చావు ఒకళ్ళు లెక్కేసుకుంటారు. నువ్వు నిలబడు."

నిలబడ్డాను. ఆయన కుర్చీలో కూర్చుని, నేను బల్ల మీద అడుగు వెయ్యడం మర్చిపోయినప్పుడల్లా కుర్చీచేతి మీద వేలితో "టక్" అని కొట్టేవారు. సాయంత్రమంతా టక్, టక్. "వడ్రంగిపిట్టని కట్టుకున్నట్టుంది నా బతుకు" అనేవారు పిన్నిగారు, టీ ఇస్తూ. టక్కులు తగ్గాయి కానీ బాగుందన్న మాట మాత్రం ఎప్పుడూ రాలేదు.

చివరి ఆదివారం పాట సగంలోకి వచ్చినా టక్ వినపడలేదు. ఏమిటా అని చూస్తే, మాస్టారు నోరు తెరుచుకుని గురక పెడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు కష్టపడితే నిద్రా! టక్కున ఆపేశాను. అంతే, ఉలిక్కిపడి లేచారు.

"ఎవడ్రా ఆపింది?"

"మీరు పడుకున్నారు కదండీ!"

"బస్సు నడుస్తుంటే పడుకుంటాం, ఆగితే లేస్తాం. అది కూడా తెలీదా? ఊఁ, బస్సు పోనీ."

పిన్నిగారు గ్లాసులు తీస్తూ, "మీ వాయిద్యంలో ఈయన కన్ను మూయడం ఇదే చూడటం నేను. ఎప్పుడూ కాపలా కుక్కలా కూర్చునేవారు" అన్నారు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన మళ్ళీ పడుకున్నారు. ఆ వారంలోనే పోయారు.

అంతిమయాత్రకి మేం ముగ్గురం వాయిస్తామంటే పాస్టరుగారు ఇబ్బందిపడ్డారు. "చావు దగ్గర జాజ్ ఏంటి బాబూ?"

"పాట మన చర్చిదేనండి. నడక ఒక్కటే మాస్టారిది" అన్నాను.

బాక్సు, బ్యాటరీ నా ట్రాలీ ఆటోలో పెట్టాం. గిటారు నా మెడలో, వైరు ఆటోలో. కట్టుగొయ్యకి కట్టిన దూడలా ఆటో పక్కనే నడిచాను. తాతగారు ఊదుతూ ప్రతి సందులోకీ తొంగి చూశారు, కళ్ళు తుడుచుకుని రోడ్డెక్కారు. బాబాయి మెళ్ళో డ్రమ్ము మీద ఈనెల చీపురుతో తాళం వేశాడు.

సమాధుల తోటకి ముందు, పొలాలకి నీళ్ళు పారే ఒక బోదె ఉంది. దాని మీద బల్లలు. ఆటో దాటదు. వైరు అక్కడికే అయిపోయింది. నేను ఇవతలి గట్టున ఉండిపోయాను. పెట్టె మోస్తున్నవాళ్ళు బల్లల దగ్గరికి వచ్చారు.

అప్పుడు నాకు ఒక బుద్ధి పుట్టింది. ఒక్కసారి ఆపితే? పెట్టెలోంచి "ఎవడ్రా ఆపింది" అని వినపడితే? జీవితంలో ఇంతకంటే పెద్ద అల్లరి ఉండదు. వేలు తీగ మీంచి దాదాపు లేచింది.

ఆపలేదు. పడుకున్నాయన్ని లేపడం ఎందుకని.

మోసేవాళ్ళకి సంగీతం తెలీదు. కానీ వాళ్ళ నాలుగో అడుగు బల్ల మీద పడింది, ఒకటో అడుగు అవతలి గట్టు మీద పడింది. పెట్టె కుదుపు లేకుండా దాటింది. వెనక పిన్నిగారు, తాతగారు, బాబాయి, ఊరంతా అదే నడకన దాటి కొబ్బరిచెట్ల మధ్యకి వెళ్ళిపోయారు. వైరు బిగిసి, బోదె అంచున నిలబడి నేను వాయిస్తూనే ఉన్నాను. ఒక్కరూ నా వైపు తిరిగి చూడలేదు.