ఖాళీ కుర్చీలకు హౌస్‌ఫుల్

మా రైహానా సినిమా హాల్లో టికెట్ కిటికీ వెనక మదామ్ ఇన్షిరాహ్ ఇరవై ఆరేళ్లు కూర్చుంది. నేను పైన మెషిన్ గదిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఇమాదుద్దీన్ వీధిలో పక్క హాళ్లన్నీ ఒక్కొక్కటే చెప్పుల కొట్లూ బట్టల కొట్లూ అయిపోయాక కైరో నడిబొడ్డున మాలాంటివి నాలుగో అయిదో మిగిలాయి.

ఆమెది కైరోలోనే షుబ్రా పేట. భర్త ట్రాము నడిపేవాడు, పోయాడు. పిల్లలు లేరు. లావుపాటి కళ్లద్దాలు, గడ్డం కింద బిగించి కట్టిన గోధుమరంగు తలగుడ్డ, గొంతులో కొంచెం బొంగురు. ఆమె కిటికీ దగ్గర ఒక పద్ధతి ఉండేది. సినిమా బాగోకపోతే బాగోలేదనే చెప్పేది.

"కొత్తగా పెళ్లయిందా నాయనా? అయితే ఒకటో హాలుకి వెళ్లకు. పెళ్లాం ముందు పరువు పోతుంది. రెండో హాల్లోది చూడండి, కనీసం నవ్వుకుంటారు."

మేనేజరు రిఫ్కీకి ఇది ఒళ్లుమంట. కానీ జనం ఆమె మాట మీద నమ్మకంతో మా హాలుకే వచ్చేవాళ్లు కాబట్టి నోరు మూసుకునేవాడు. సినిమాలు పంచే కంపెనీల వాళ్లు కూడా మొదటి ఆట వదిలాక తమ మనిషిని పంపి ఆ కిటికీ పక్కన నిలబెట్టేవాళ్లు, ఆమె ఏమంటోందో వినిరమ్మని.

నేను చెప్పేది మూడేళ్ల కిందటి ఈద్ సంగతి.

రంజాన్ నెలంతా మా హాలు శవం లేచిన ఇల్లులా ఉంటుంది. జనం ఇఫ్తార్ తిని టీవీ సీరియళ్ల ముందు కూలబడతారు. ఈద్ వచ్చిందంటే మాత్రం ఊరు ఊరంతా మా వీధిలోనే ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో ఏ సినిమా నంబర్ వన్ అనిపించుకుంటే దానికే గల్ఫ్‌లో గిరాకీ, దానికే టీవీ ఛానెళ్ల బేరం. సినిమా ఎలా ఉందని ఎవరూ అడగరు, ఈద్‌లో ఎన్నో స్థానమని అడుగుతారు.

ఆ ఈద్‌కి ముందుగా తేదీ వేసుకున్నది "పావురాల మిద్దె" అనే చిన్న సినిమా. ఇంబాబా పేటలో ఇద్దరు పక్కింటి ముసలాళ్లు ఒకరి పావురాలను ఒకరు దొంగిలించుకునే కథ. ట్రైలరు రాగానే కాఫీ హోటళ్లలో, మైక్రోబస్సుల్లో ఎక్కడ చూసినా దాని మాటే. పెద్ద హీరో సినిమా "నిప్పుల గుర్రం" అప్పటికి బక్రీద్‌కి రావాలి. ఇంకా రెండు నెలల పని మిగిలి ఉంది.

ఈద్‌కి మూడు వారాల ముందు గుర్రం సినిమా పంచే తైమూర్ బే, అంటే తైమూర్ దొరగారు, మా మేనేజరు గదికి వచ్చాడు. సువాసన ముందొచ్చి తర్వాత మనిషి వచ్చే రకం. నేను మెషిన్ దీపం మార్చాలని కాగితం మీద సంతకం కోసం నిలబడి ఉన్నాను. నన్ను గోడకి వేసిన రంగులా చూశాడు.

"గుర్రాన్ని ఈ ఈద్‌కే దించుతున్నాం," అన్నాడు.

"సౌండ్ పని ఇంకా అవలేదంటున్నారు కదా బే?" అన్నాడు రిఫ్కీ.

"ఈద్ జనానికి సౌండ్ ఎందుకయ్యా? వాళ్లు పుచ్చగింజలు నమిలే చప్పుడులో ఏం వినపడుతుంది? పండగలో పావురాలు ఒక్కటే ఉంటే రేపటి నుంచి ప్రతి పిల్లికూనా ఈద్ తేదీ అడుగుతుంది. మూడు హాళ్లలో సాయంత్రం ఆటలన్నీ నాకే."

"మరి వాళ్లకి మాటిచ్చాం..."

"పొద్దున పదకొండు గంటల ఆట ఇవ్వు. మాట నిలబెట్టుకున్నట్టూ ఉంటుంది, ఎవడూ రానట్టూ ఉంటుంది."

ఈద్ పొద్దున పదకొండుకి ఎవరొస్తారు? తెల్లారి నమాజు చేసి, ఉప్పు చేప ఫెసీఖ్ తిని, కైరో మొత్తం గురకపెడుతూ ఉంటుంది. రిఫ్కీ తల ఊపాడు. నా కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

ఈద్ ముందురోజు మధ్యాహ్నం గుర్రం సినిమా ఉన్న హార్డ్ డ్రైవ్ వచ్చింది. సరిచూసుకుందామని వేశాను. సగం వరకు బాగానే ఉంది. తర్వాత హీరో మంటల మీదుగా గుర్రాన్ని దూకించే సీను వచ్చింది. మంటలు లేవు. గుర్రమూ లేదు. కంప్యూటర్లో గుర్రంగా మార్చాల్సిన ఇనుప చట్రానికి ఆకుపచ్చ గుడ్డ చుట్టారు, దాని మీద హీరో కూర్చుని హుంకరిస్తున్నాడు, వెనకనుంచి ఇద్దరు మనుషులు నెడుతున్నారు. అందులో ఒకడు ఆవలించాడు కూడా. పంచేవాళ్లకి ఫోన్ చేస్తే, "మూడో రోజుకి కొత్త డ్రైవ్ పంపుతాం, అప్పటిదాకా ఇదే నడిపించు," అన్నారు. నడిపించాను.

మొదటి రోజు సాయంత్రం ఆరు గంటల ఆట. కొత్త బట్టలు, జుట్టుకి రాసిన జెల్, చేతుల్లో ఉప్పు చేప కంపు, మెట్ల నిండా గింజల పొట్టు. కిటికీ ముందు వరుస రోడ్డు దాకా పోయింది. ఇన్షిరాహ్ నలభై టికెట్లు ఇచ్చిందో లేదో, కంప్యూటర్లో కుర్చీలన్నీ ఒక్కసారిగా అమ్ముడైనట్టు ఎర్రగా మారిపోయాయి. రిఫ్కీ పరుగున వచ్చి హౌస్‌ఫుల్ బోర్డు తగిలించాడు. కెమెరా పట్టుకున్న వాడొకడు అంతకు ముందునుంచే అక్కడ కాచుకుని ఉన్నాడు. బోర్డునీ, దాని ముందు తోసుకుంటున్న జనాన్నీ ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె నా గదికి ఫోన్ చేసింది. చేతిపని వచ్చినవాడినని నన్ను ఉస్తా అనేది. "ఉస్తా వగీహ్, ఒకసారి కిందికి చూడు. హాల్లో ఎంతమంది ఉన్నారు?"

చిన్న అద్దంలోంచి చూశాను. నాలుగు వందల ఇరవై కుర్చీలు. "యాభై లోపే ఉంటారు మదామ్."

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. ఫోన్లో కిటికీ ముందున్న వాళ్ల మాటలు నాకు వినపడుతున్నాయి. పెద్దావిడ కాబట్టి మర్యాదకి అందరూ ఆమెని హగ్గా అనేవాళ్లు.

"హగ్గా, బెన్హా నుంచి రైల్లో వచ్చాం. ఈ ఆడపిల్లలు వారం నుంచి నిద్రపోలేదు. ఏదో మూల మూడు కుర్చీలు చూడు తల్లీ."

"నిండిపోయింది అమ్మా," అంది ఇన్షిరాహ్.

ఆమె గొంతు ఎలా ఉందంటే, నోట్లో ఎవరో బలవంతంగా ఏదో కుక్కినట్టుంది. ఆ టికెట్లన్నీ తైమూర్ బే ఆఫీసువాళ్లే కొనేశారు. తొమ్మిది గంటల ఆటవి కూడా. సినిమాకి జనం రాకపోయినా లెక్కలో నంబర్ వన్ రావాలి. వచ్చిన జనం మాత్రం వీధిలో నిలబడాలి.

ఆ సాయంత్రమే ఆరుగురు ముసలాళ్లు కిటికీ దగ్గరికి వచ్చారు. ఇస్త్రీ చేసిన పొడవాటి గలబియ్యా అంగీలు, చేతికర్రలు. అందరూ ఇంబాబా వాళ్లు, మిద్దెల మీద పావురాలు పెంచేవాళ్లు. వాళ్ల పెద్ద బయూమీని హాజీగారనే అర్థంలో అందరూ హాగ్ అనేవాళ్లు. అతను సినిమా హాలు గడప తొక్కి ముప్పై ఏళ్లయిందట.

"మా పావురాల మీద సినిమా తీశారంట కదా! ఆరు టికెట్లివ్వు హగ్గా. పక్కన పిల్లలు లేకుండా చూడు, వాళ్లు తన్నుకుంటారు."

"అది రేపు పొద్దున పదకొండుకి హాగ్. రండి, మంచి కుర్చీలిస్తాను."

వాళ్లు రెండో రోజు పదిన్నరకే వచ్చేశారు. సంచిలో కఅక్ బిస్కెట్లు కూడా తెచ్చుకున్నారు. ఆ పాటికి పదకొండు గంటల ఆట కూడా గుర్రానికి ఇచ్చేశారు. పావురాలకి మొదటి రోజు తొమ్మిదిమందే వచ్చారు కాబట్టి గిరాకీ లేదని కాగితం వచ్చింది. ఇక గుర్రం ఆట చూస్తే, పొద్దున్నే కుర్చీలన్నీ ఎర్రగా ఉన్నాయి. రిఫ్కీ బోర్డు తగిలించి, ఏదో పనుందని బయటికి వెళ్లాడు.

హాగ్ బయూమీ కోప్పడలేదు. "ఫర్వాలేదులే హగ్గా. మన పిట్టలకి విలువెక్కడుంది?" అని మిగతావాళ్లతో మెట్ల మీద కూర్చుని బిస్కెట్ల సంచి విప్పాడు.

పన్నెండు దాటాక, వీధిలో జనం పోగవుతుంటే, ఇన్షిరాహ్ కిటికీ మూసి ఒకటో హాల్లోకి వెళ్లింది. ముప్పై ఒక్కమంది ఉన్నారని ఆమె తర్వాత చెప్పింది, ఒక్కొక్కరినీ వేలుపెట్టి లెక్కపెట్టిందట. అప్పుడే తెర మీద హీరో ఆకుపచ్చ గుడ్డ మీద ఎగిరెగిరి పడుతున్నాడు. మధ్య వరుసలో ఒకడు చెప్పులు విడిచి కాళ్లు ఎదుటి కుర్చీ మీద పెట్టి గింజలు ఉమ్ముతున్నాడు. ఆమె బయటికొచ్చి నీళ్లగదిలోకి వెళ్లి వాంతి చేసుకుంది. తర్వాత మొహం కడుక్కుని మేడ మీదికి, నా గదికి వచ్చింది. పంతొమ్మిదేళ్లలో ఆమె ఆ మెట్లెక్కడం నేను చూడలేదు.

"మూడో హాలు ఖాళీగా ఉంది కదా?"

"నిన్న రాత్రి ఏసీ చెడిపోయింది మదామ్. అందుకే మూసేశారు."

"పావురాల డ్రైవ్ ఇంకా నీ దగ్గరే ఉందా?"

"ఉంది. దాన్ని తెరిచే కోడ్ కూడా వారం దాకా పనిచేస్తుంది. అయినా అది ఇప్పుడు లిస్టులో లేదు. ఉద్యోగం పోతుంది మదామ్."

"పోతే నాది పోతుంది. నువ్వు మీట నొక్కు చాలు."

కంప్యూటర్లో ఆ ఆట లేదు. ఆమె సొరుగు అడుగునుంచి పాత గులాబీరంగు కాగితం టికెట్ల చుట్ట తీసింది. బోర్డు తీసి గోడకి తిప్పి పెట్టింది. గుమ్మంలో నిలబడి కేక వేసింది. "పావురాల సినిమా కావాల్సిన వాళ్లు రండి! ఉక్కగా ఉంటుంది, ముందే చెప్తున్నా!"

అరగంటలో మూడో హాలు నిండింది. నూట నలభై కుర్చీలు చాలక పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. నేను మీట నొక్కి కిందికి దిగి తలుపు దగ్గర నిలబడ్డాను. ముసలాళ్లు ఊరుకుంటేనా!

"అరే, ఆ జాతి పిట్ట అట్లా ఎగురుతుందిరా? ఎవడ్రా వీడికి నేర్పింది?"

"నోరుమూసుకుని చూడు హాగ్! అది సినిమా!"

"సినిమా అయితే? పావురం పావురమేగా!"

హాలంతా నవ్వు. చెమటతో వీపులకి బట్టలు అతుక్కుపోతున్నా ఒక్కరూ లేవలేదు. చివర్లో ఆ ఇద్దరు ముసలాళ్లు ఒకే పావురాన్ని రెండు మిద్దెల మీదనుంచి పిలిచే సీనులో హాగ్ బయూమీ కూడా లేచి నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడు. అంతమంది కలిసి అలా నవ్వడం మా హాల్లో నేను విని ఎన్నేళ్లయిందో.

జనం బయటికొస్తుండగా రిఫ్కీ తిరిగొచ్చాడు. వెనకే తైమూర్ బే. టికెట్ల చుట్ట చూడగానే బే మొహం మాడిపోయింది.

"ఇది దొంగతనం," అన్నాడు. "లెక్కలో లేని టికెట్లు అమ్మావు."

"డబ్బు సొరుగులోనే ఉంది, తీసుకోండి," అంది ఇన్షిరాహ్. "ఖాళీ కుర్చీలకి టికెట్లు అమ్మితే పండగ, మనుషులకి అమ్మితే దొంగతనమా బే? నిన్న బెన్హా నుంచి వచ్చిన ఆడపిల్లలతో నాచేత అబద్ధం చెప్పించారు. నా నోరు ఇంకా కంపు కొడుతోంది."

రిఫ్కీ నా వైపు తిరిగాడు. "ఎవరు వేయమన్నారు?"

నాకు ముగ్గురు పిల్లలు. ఆ మాట అప్పుడు నా మనసులో ఉందో, తర్వాత తెచ్చి పెట్టుకున్నానో చెప్పలేను. "ఆవిడే. ఆట ఉందని చెప్పింది. లిస్టులో లేదని నాకేం తెలుసు?" అన్నాను.

ఇన్షిరాహ్ కళ్లద్దాలు తీసి తలగుడ్డ కొసతో తుడుచుకుంది. నావైపు చూడలేదు. సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం మూడో రోజు ఆమె ఇంటికి వెళ్లింది. అదే రోజు ఊళ్లోని హాళ్లన్నిటిలోంచీ పావురాలను దించేశారు. "నిప్పుల గుర్రం" ఈద్ రికార్డులన్నీ బద్దలు కొట్టిందని వంతెనల మీద పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. బోర్డు మీద మా హాలు ఫోటోనే వేశారు. పదో రోజుకి ఆ సినిమా చూసేవాడు లేడు. అప్పటికి ఎవరికీ చూసేవాళ్లు అక్కర్లేదు కూడా. గల్ఫ్‌కి అమ్ముడుపోయింది, ఛానెల్‌కి అమ్ముడుపోయింది. మా హాల్లోనే విజయోత్సవం జరిపారు. గుర్రం ఆకారంలో కేకు తెచ్చారు, ఎర్ర పంచదార జూలుతో. తైమూర్ బే ఆ గుర్రం తల కోశాడు. నాకు వెనక కాలు ముక్క ఇచ్చారు. తిన్నాను. ఆ ఎర్రరంగు రెండు రోజులు నాలుక మీదనుంచి పోలేదు.

ఏడాది తర్వాత తెలిసింది, ఇన్షిరాహ్ నైలు మీద తిరిగే పడవ బస్సుల టికెట్ గదిలో పనిచేస్తోందని. ఒక పొద్దున వెళ్లాను.

"ఎక్కడికి?" అంది తలెత్తకుండానే.

"ఎక్కడికీ కాదు మదామ్. మిమ్మల్ని చూద్దామని."

"అయితే పక్కకి జరుగు. వెనక జనం ఉన్నారు."

పడవ వెళ్లాక బయటికొచ్చి, టీ బండివాడి దగ్గర రెండు గ్లాసులు తీసుకుంది. ఒకటి నా చేతికిచ్చింది.

"ఈ బక్రీద్‌కి ఏం వస్తున్నాయి?" అంది. ఆ అలవాటు పోలేదు.

చెప్పాను. మళ్లీ రెండు పెద్దవి, ఒక చిన్నది. ఒకడు బుధవారమే దిగుతున్నాడు, ఇంకొకడు వాడిని దాటాలని మంగళవారం అర్ధరాత్రి ఆట వేస్తున్నాడు.

"చిన్నదానికి పదకొండు గంటల ఆటేనా?"

"పదిన్నర."

ఆమె మొహం అటు తిప్పుకుని నీళ్లలోకి ఉమ్మింది.

"మదామ్, ఆ రోజు నేను రిఫ్కీతో..."

"వద్దు ఉస్తా. నీ మీద నాకు కోపం లేదు. పిల్లలున్నవాడివి, తెలుసు." గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది. "కానీ రేపు మళ్లీ అడిగినా అదే చెప్తావు. అదే నాకు అసహ్యం. వాళ్ల మీద కన్నా నీ మీదే ఎక్కువ. ఏం చెయ్యను? నిన్ను పంతొమ్మిదేళ్లు చూశాను."

ఇంకో పడవ వస్తున్నట్టు కూత వినపడింది. ఆమె గదిలోకి వెళ్లి కిటికీ తెరిచింది. నేను టీ డబ్బులివ్వబోతే బండివాడు తీసుకోలేదు, హగ్గా ముందే ఇచ్చేసిందన్నాడు. ఆ పొద్దున కూడా మా హాల్లో పదిన్నర ఆట ఉంది, ఆలస్యమవుతోందని నడిచి హాలుకి వెళ్లిపోయాను. లోపల నలుగురు కూర్చుని ఉన్నారు. మీట నొక్కాను.